కింద పెట్టిన కప్పు

అక్టోబరు 6, ఆదివారం

ఏది రాసినా ముందు క్షేమం అడగాలని మా నాన్న అనేవాడు. నా చదువు నాలుగో తరగతి దగ్గరే ఆగింది. రాయడం గురించి గుర్తున్నది ఈ ఒక్క మాటే. కాబట్టి అడుగుతాను.

రస్మీ, నాయనా, నీ దగ్గు ఎలా ఉంది? క్వారీలో ఆ తెల్ల దుమ్ము మింగుతావు గాని మూతికి గుడ్డ కట్టుకోమంటే కట్టుకోవు. పెద్దకొడుకువి, నీకేమైనా అయితే ఈ ఇల్లు ఎవరు మోస్తారు? సుహైలా, పాదాల వాపు తగ్గిందా? ఏడో నెల అంటే మాటలా? కోడలివి కాబట్టి ఊరుకుంటున్నాను, నా కడుపున పుట్టి ఉంటే మంచం దిగనిచ్చేదాన్ని కాదు. పక్కింటి ఫత్‌హియ్యా, ఆ పన్ను పీకించుకున్నావా? నీ నోటికి తాళం వేయగలిగింది ఆ పన్ను నొప్పి ఒక్కటే, అది కూడా పోతే మా గతేం కాను? మేక మేత బాగానే తింటోంది. కంచె అవతలి మా ఆలివ్ చెట్లు ఎలా ఉన్నాయో సైనికులు గేటు తెరిస్తే గాని తెలియదు. నా మోకాళ్ళ సంగతి అడగక్కర్లేదు.

నదీమ్, నువ్వు

లేచి వెళ్ళి టీ పెట్టుకొచ్చాను. తాగలేదు.

నదీమ్, చిన్నోడా, ఊపిరి ఆడుతోందా నాన్నా?

అక్టోబరు 8, మంగళవారం

ఈ రోజూ ఏమీ తెలియలేదు. రస్మీ ఎవరెవరికో ఫోన్ చేశాడు. ఏ జైల్లో పెట్టారో చెప్పేవాళ్ళు లేరు.

రాయకూడదనుకున్నాను గాని కళ్ళముందు నుంచి పోవడం లేదు. సైనికులు నదీమ్‌ని చెప్పులతోనే లాక్కెళ్ళారు. ఒకటి మెట్ల మీదే ఊడిపోయింది. నేను ఇన్‌హేలర్ పట్టుకుని జీపు వెనక పరిగెత్తాను. నీలం రంగుది, చిన్నప్పటి నుంచి వాడి తలగడ కింద ఉండేది. "ఇది లేకపోతే వాడికి ఊపిరాడదు" అని అరిచాను. నా భాష ఆ సైనికుడికి అర్థం కాలేదేమో. అర్థమైందేమో. తలుపు వేసేశాడు. ఇన్‌హేలర్ నా చేతిలోనే ఉండిపోయింది.

దాన్ని గౌను లోపలి జేబులో పెట్టుకున్నాను. పడిపోకుండా పిన్నీసు గుచ్చాను.

అక్టోబరు 10, గురువారం

 అక్షరాలు సరిగా రాకపోతే రానీ, నేనే కదా చదువుకునేది.

పొద్దున వాలంటీరు ఆడవాళ్ళు వచ్చారు. ఆలివ్ కోతలకి ఏటా దూరదేశం నుంచి వచ్చే ఓర్నెల్లాతో ఈసారి ఇంకొకామె వచ్చింది. పేరు నూరిత్. ఆ సైనికుల జాతి మనిషి, కంచె అవతలి భాష మనిషి. నెరిసిన జుట్టు, నా కంటే నాలుగేళ్ళు చిన్నదై ఉంటుంది. మన భాష మాట్లాడుతుంది గాని పుస్తకంలోంచి లేచొచ్చినట్టు మాట్లాడుతుంది. గుమ్మంలోనే, "శాంతి కలుగుగాక అమ్మా. తమ ఆరోగ్యము ఎట్లున్నది?" అంది. ఫత్‌హియ్యా నా చెవిలో, "ఏమే, వార్తలు చదివే పిల్ల టీవీలోంచి దిగొచ్చిందా?" అంది. నాకూ నవ్వొచ్చింది. దేవుడా, నవ్వానే.

సుహైలా పొలం వైపు వెళ్ళింది. ఇంట్లో మేం నలుగురమే ఉన్నాం. ఓర్నెల్లా కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎప్పుడూ వస్తూనే నన్ను వాటేసుకుని బుగ్గలు పిండేది, ఇవాళ చెయ్యి మాత్రం పట్టుకుని వదిలేసింది. యాలకులు ఎక్కువ వేసి కాఫీ కాచి పోశాను.

నూరిత్ కప్పు అందుకుంది. ఒక్క చుక్క తాగలేదు. ఎదురుగా చాప మీద పెట్టింది.

ఓర్నెల్లా ఆమెని చూసి తనూ కింద పెట్టింది.

ఇద్దరూ తలలు వంచుకున్నారు.

ఫత్‌హియ్యా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడే నాకు గుర్తొచ్చింది. మొన్నటేడాది దిగువ వీధి కుర్రాడు ట్రాక్టరు వెనక్కి తీస్తూ ఫత్‌హియ్యా మేనల్లుణ్ణి తొక్కించేసినప్పుడు ఊరి పెద్దలంతా ఇలాగే వచ్చి కూర్చున్నారు. కాఫీ పోశారు. పెద్దాయన కప్పు కింద పెట్టాడు, ఆయన వెనక అందరూ పెట్టారు. ఇంటాయన "తాగండి, మీరడిగింది ఇచ్చేశాం" అనే వరకూ ఎవరూ ముట్టుకోలేదు. చంపిన వాళ్ళ తరఫున రక్తం మాఫీ అడగడానికి వచ్చినవాళ్ళు అలా పెడతారు. పిల్లనడగడానికి వచ్చినా పెడతారు. మా ఇంట్లో పెళ్ళీడు పిల్ల ఎక్కడుంది?

నూరిత్ గొంతు సవరించుకుంది. "అమ్మా, తమ కుమారుడు నదీము విషయమై మేము ఒకటి కోరుటకు..."

పూర్తి చెయ్యనివ్వలేదు. ఆమె ముందున్న కప్పు తీసి వాకిట్లోకి విసిరాను. ఓర్నెల్లాదీ విసిరాను.

"తాగొద్దు! మీరడిగేది నేనివ్వను! నా ఇంట్లో కాఫీ తాగి నా బిడ్డ రక్తం కడుక్కుపోదామని వచ్చారా? మీ పెద్దలు రాలేక ఆడవాళ్ళని పంపారా?"

"అమ్మా, నాకు బోధపడుట లేదు..."

"నాకు పడింది లే! పో!"

ఫత్‌హియ్యా నన్ను వెనక నుంచి పట్టుకుంది. నూరిత్ మొహం సున్నం కొట్టినట్టయింది. ఓర్నెల్లా ఏదో చెప్పబోయింది, చేతులు తిప్పింది, తన ఛాతీ చూపించింది, నా ఛాతీ చూపించింది. నేను తలుపేసి గడియ పెట్టాను. వాళ్ళు చాలాసేపు బయటే నిలబడ్డారు. తర్వాత కారు వెళ్ళిన చప్పుడైంది.

అక్టోబరు 11, శుక్రవారం

సుహైలాకి తెలియకూడదు. ఏడో నెల. ఈ మాట వింటే ఆ బిడ్డ కూడా పోతుంది. రస్మీకి చెబితే రాయి తీసుకుని చెక్‌పోస్టు మీదికి వెళతాడు, వాడూ పోతాడు. అందుకని ఎవరికీ చెప్పను. ఫత్‌హియ్యా చేత రొట్టె మీద ఒట్టు వేయించుకున్నాను.

"నా నోరు నీకు తెలుసుగా వజీహా, ఎన్నాళ్ళాగుతుందో నేను చెప్పలేను" అంది ఏడుస్తూ.

"పన్ను నొప్పని చెప్పి గుడ్డ కట్టుకో."

నిజంగానే కట్టుకుంది.

సుహైలా ఫోన్ మోగుతూనే ఉంది. తెలియని నంబరు. ఆ కబురు చెప్పడానికే అయి ఉంటుంది. సుహైలా స్నానానికి వెళ్ళినప్పుడు ఫోన్ ఆపి పిండి డబ్బాలో అడుగున పెట్టాను. వెతుక్కుంటోంది పాపం. "నువ్వే ఎక్కడో పెట్టి ఉంటావమ్మా, కడుపుతో ఉన్నవాళ్ళకి మరుపెక్కువ" అన్నాను.

నేను మంచిపనే చేశాను.

అక్టోబరు 12, శనివారం

ఇన్‌హేలర్ ఒక్కసారి నొక్కాను. పొగలా వచ్చింది. వాడి వాసనే. చిన్నప్పుడు వాడు నా భుజం మీద నిద్రపోతే వచ్చే వాసన. ఇంక నొక్కను.

అక్టోబరు 15, మంగళవారం

ఫత్‌హియ్యా రోజూ ఫ్లాస్కు పట్టుకొస్తోంది. అందులో చక్కెర లేని కాఫీ, చేతిలో ఖర్జూరాలు. చావింటికి తెచ్చేవి. తేవద్దే అంటే వినదు. "బయటికి ఏడవనివ్వవు, ఇదన్నా చెయ్యనీ" అంటుంది.

సుహైలా ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. "ఇంత చేదేమిటి పిన్నీ! ఎవరు పోయారు?"

ఫత్‌హియ్యా చెంపకి కట్టిన గుడ్డ సరిచేసుకుంది. "నా పన్ను పోయిందే. నలభై ఏళ్ళు కలిసున్నాం, దిగులుండదా?"

సుహైలా కడుపు పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి, మేకకి నీళ్ళు పెట్టాలని దొడ్లోకి వెళ్ళాను. నీళ్ళు పెట్టానో లేదో గుర్తులేదు.

ఈ రోజు కూడా ఒక్కసారే నొక్కాను.

అక్టోబరు 17, గురువారం

రస్మీ క్వారీ నుంచి వచ్చాడు. వాడికిష్టమని వంకాయలు వేసి అన్నం వండాను. "నదీమ్ కబురేమైనా తెలిసిందా అమ్మా?" అన్నాడు. "నువ్వు తిను" అన్నాను. "ఆ ఓర్నెల్లా ఈ ఏడు కోతలకి రాలేదేంటి?" అన్నాడు. "దాని ఆరోగ్యం బాగాలేదేమో" అన్నాను. "వాళ్ళకి లాయర్లు తెలుసు, అడగాల్సింది" అన్నాడు.

దగ్గుతున్నాడు. ఉప్పు ఎక్కువైందా అని అడిగితే లేదన్నాడు. ఎక్కువైంది, నేను తిని చూశాను.

ఎక్కడ పాతిపెట్టారో? శవాన్ని ఇవ్వరేమో. వాడికి ఒక కాలికి చెప్పు లేదు.

అక్టోబరు 19, శనివారం

ఈ రోజు నొక్కలేదు.

అక్టోబరు 20, ఆదివారం

నొక్కాను. చప్పుడు వేరేగా వచ్చింది. చలికి అనుకుంటాను.

అక్టోబరు 24, గురువారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

దొడ్లో ఉన్నాను. సుహైలా అరుపు వినిపించింది, "అత్తా! ఎవరొచ్చారో చూడు!" కాన్పు నొప్పులేమో అని పరిగెత్తుకొచ్చాను. చాప మీద ఓర్నెల్లా, నూరిత్ కూర్చుని ఉన్నారు. సుహైలా వాళ్ళకి దారిలో ఎదురుపడి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చిందట. గోడ పైనుంచి చూసినట్టుంది, నా వెనకే ఫత్‌హియ్యా ఊడిపడింది.

సుహైలా అప్పటికే కాఫీ పెట్టేసింది. నూరిత్ కప్పు రెండు చేతులతో పట్టుకుంది. నన్ను చూసి భయపడి మళ్ళీ కింద పెట్టేసింది.

"పెట్టింది! మళ్ళీ పెట్టింది!" అని ఫత్‌హియ్యా గుండె బాదుకుంది.

"ఏం పెట్టింది పిన్నీ? ఏమైంది మీకు?" అంది సుహైలా.

నూరిత్ లేచి నిలబడింది. "అమ్మా, నా అపరాధము ఏదియో నాకు తెలియదు. నా హృదయమునకు కాఫీ నిషిద్ధము. వైద్యుడు వలదనెను. కానీ అరబ్బుల గృహమున కాఫీ నిరాకరించుట మహాపరాధమని ఓర్నెల్లా బోధించెను. అందుచేత స్వీకరించి... ఊరకే పెట్టితిని."

ఓర్నెల్లా బుంగమూతి పెట్టుకుని తల ఊపింది. "నేను మర్యాద. పెద్దామె తాగదు, నేను తాగను."

"మరి నీ కళ్ళు ఎందుకు ఎర్రగా ఉన్నాయే ఆ రోజు?" అని అడిగింది ఫత్‌హియ్యా.

"జలుబు" అని ముక్కు చూపించింది ఓర్నెల్లా. "వజీహా ముద్దు వద్దు, జలుబు అంటుకుంటుంది."

 ఫత్‌హియ్యా చెంపకి కట్టిన గుడ్డ విప్పి నేలకేసి కొట్టింది. "హృదయమట! జలుబట! ఇన్నాళ్ళు నేను నోరు కట్టుకుని చచ్చాను కదే ముసలీ, దీని జలుబు కోసమా!" అని పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. నేలమీద కూలబడి నవ్వాను. వాడు చావలేదు. నదీమ్ చావలేదు! సుహైలా మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, "ఎవరు చచ్చిపోయారనుకున్నావు అత్తా?" అంది. అని, తనే తెలుసుకుని, గోడకి ఆనుకుంది.

నవ్వు ఆగాక అడిగాను. ఎందుకడిగానో.

"అయితే ఆ రోజు మీరు దేనికొచ్చారమ్మా? ఒకటి కోరుటకు అన్నావు."

నూరిత్ ఓర్నెల్లా వైపు చూసింది. ఓర్నెల్లా మళ్ళీ అలాగే చేసింది. తన ఛాతీ చూపించింది. గుప్పెట మూసి నోటి దగ్గర పెట్టుకుని పీల్చినట్టు చేసింది.

"తమ కుమారుడు ఎక్కడ ఉన్నాడో మా లాయరునకు తెలిసినది" అంది నూరిత్. "ఆ తరువాతి ఆదివారము చూచుటకు వెళ్ళుచుండెను. శ్వాస మందు ఏదో తెలియక, దానిని అడుగుటకు వచ్చితిమి. దాని కొరకే."

నా చెయ్యి గౌను లోపలి జేబు మీదికి పోయింది.

"తరువాత తమ కోడలి ఫోనునకు ఎన్నియో మారులు చేసితిమి."

సుహైలా నా వైపు తిరిగింది. నేను పిండి డబ్బా వైపు చూశాను. అది వెళ్ళి మోచేతి దాకా చెయ్యి పెట్టి ఫోన్ తీసింది. తెల్లగా పిండి రాలుతున్న ఫోన్ పట్టుకుని అలాగే నిలబడింది.  తిట్టినా బాగుండేది.

లాయరు ఆ ఆదివారం ఉత్త చేతులతో వెళ్ళాడట. నదీమ్ గోడ పట్టుకుని నడిచొచ్చాడట. మర్నాడు పడిపోతే జైలు ఆసుపత్రిలో వేశారట. ఇప్పుడు ప్రాణానికి ఫరవాలేదని నూరిత్ మూడుసార్లు చెప్పింది. ప్రాణానికి ఫరవాలేదంటే ఇంకా దేనికి ఫరవా ఉన్నట్టు?

పిన్నీసు తీసి ఇన్‌హేలర్ ఆమె చేతిలో పెట్టాను. నూరిత్ చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. ఇంకోసారి ఊపింది. ఖాళీ. మిగిలిన కాస్తా నేనే నొక్కేశాను. ఒక్కసారి, ఒక్కసారి అనుకుంటూ.

ఆమె నా మొహంలోకి చూడలేదు. రుమాల్లో జాగ్రత్తగా చుట్టి సంచిలో పెట్టుకుంది. "ఇట్టిదే కొనెదము. పేరు చూపుటకు ఇది చాలును" అంది.

అప్పుడు నాకు ఏమనిపించిందో, నా కప్పు తీసి ఆమె ముందు చాప మీద పెట్టాను. తాగకుండా. ఆమెకి అర్థం కాలేదు. ఫత్‌హియ్యా మోచేత్తో పొడిచింది. "తాగు, ఇచ్చేశాం అనమ్మా. అలా అనాలి."

నూరిత్ నేను ఏం అడుగుతున్నానో అడగలేదు. "త్రాగుడు అమ్మా" అంది. "ఇవ్వబడినది."

చల్లారిపోయింది. అయినా తాగాను.

అక్టోబరు 25, శుక్రవారం

నా చేత్తోనే.

అక్టోబరు 31, గురువారం

కొత్త ఇన్‌హేలర్ అందిందట. లాయరు చూసి వచ్చాడు. ఫోన్‌లో నూరిత్ చెప్తుంటే సుహైలా స్పీకరు పెట్టింది. రస్మీ కూడా ఉన్నాడు. విషయం వాడికి సుహైలాయే చెప్పింది. వాడు నా భుజం మీద శాలువా సరిచేశాడు.

నదీమ్ అందరి క్షేమమూ అడిగాడట. వరసగా. రస్మీ అన్న దగ్గు తగ్గిందా? వదినకి ఎన్నో నెల, నేను లేకుండానే కంటుందా? ఫత్‌హియ్యా పిన్ని పన్ను ఇంకా నోట్లోనే ఉందా, లేక పిన్నే దాని నోట్లో ఉందా? మేక? చెట్లు? ఫత్‌హియ్యా "చచ్చినోడా!" అని మొత్తుకుని, నాలుక కరుచుకుని, "వందేళ్ళు బతకరా" అంది.

చివర్న నన్ను అడిగాడట. మోకాళ్ళ గురించి కాదు.

"ఆ తెల్లవారుజామున అమ్మ జీపు వెనక పరిగెత్తడం చూశాను. చేతిలో నీలంది కనబడింది. అమ్మ దగ్గరుందంటే ఎలాగోలా పంపుతుంది, ఎవరి కాళ్ళైనా పట్టుకుని పంపుతుంది. ఊపిరి అందనప్పుడల్లా అదే అనుకున్నాను, అమ్మ పంపేసే ఉంటుంది, దారిలో ఉంటుంది అని."

నూరిత్ తన పుస్తకం భాషలోనే చెప్పింది గాని నాకు వాడి గొంతే వినబడింది. మాటకీ మాటకీ మధ్య ఆగుతూ.

నేను లేచి వెళ్ళి రొట్టెలు కాల్చాను. ఎవరూ తినలేదు. మాడిపోయాయి.

నవంబరు 3, ఆదివారం

నదీమ్‌ని చూడనిస్తారట. నన్నొక్కదాన్నే. వయసైన తల్లి కాబట్టి. రస్మీకి కాగితం రాలేదు, వాడు జీవితంలో రాయి విసరకపోయినా రాలేదు.

నూరిత్ అంతా చెప్పింది. నీళ్ళసీసా కూడా లోపలికి రానివ్వరు. రొట్టె వద్దు. రొట్టెకి అద్దుకునే థైమ్ ఆకు పొడి వద్దు. మధ్యలో మందంగా అద్దం ఉంటుంది. ఇటు ఒక ఫోను, అటు ఒక ఫోను. చెయ్యి తగలదు.

ఫత్‌హియ్యా అంటుంది, "జరిగింది వాడికి చెప్పొద్దే. ఏం చెప్పినా ఏం లాభం? వాడు నిన్ను నమ్మి ఊపిరి పట్టుకున్నాడు. ఆ నమ్మకం వాడి మందే. అదీ ఖాళీ చేస్తావా?" సుహైలా అంటుంది, "చెప్పు అత్తా. వాడికెప్పుడో తెలుస్తుంది, నీ నోటితో తెలియనీ." రస్మీ దగ్గుతాడు.

నేను దారంతా ఆలోచించుకుంటాను. ఎన్ని చెక్‌పోస్టులుంటాయో అంత ఆలోచించుకోవచ్చు.

నూరిత్ "ఇవ్వబడినది" అంది గాని, అది ఆమె ఇవ్వగలిగేది కాదని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. ఇవ్వాల్సినవాడు అద్దం అవతల ఉన్నాడు. వాడి ముందు కప్పు పెట్టి, తల వంచుకుని, "తాగమ్మా" అనేదాకా ముట్టకుండా కూర్చోవాలి. అక్కడ కాఫీ ఉండదు. కప్పు ఉండదు. పెట్టడానికి చాప కూడా ఉండదు. ఎక్కడ పెట్టను?

బస్సు తెల్లవారకముందే. మంగళవారం, నవంబరు 12.